గీత పడినా మాట పడకుండా కారు కడగడం ఎలా?

ఆదివారం పొద్దున్న ఏడింటికి వాకిట్లో బొక్కెన చప్పుడైందంటే మీ నిద్ర పోయినట్టే. మా రాయ్‌పూర్ మోవాలో ఆ చప్పుడు ఏ ఆదివారమూ తప్పదు. రాయ్‌పూర్‌కి ఉత్తరాన ఉర్లా, సిల్తరాల్లో స్పంజి ఐరన్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. గాలి ఇటు తిరిగిందంటే డాబా మీద ఆరేసిన వడియాల మీద ఎంత నల్ల మసి పడుతుందో, కారు బానెట్ మీదా అంతే పడుతుంది. మోవా మీదుగా పోయే రోడ్డేమో పాత విధానసభ దాటి బలోదాబజార్ సిమెంటు ఫ్యాక్టరీల వైపు వెళ్తుంది. మసి, ఇసుక, సిమెంటు దుమ్ము, వానాకాలమైతే సందుల్లో బురద. శనివారం కడిగిన కారు సోమవారానికి మళ్లీ మొదటికొస్తుంది. అలాంటి ఊళ్లో కారు కడగడం నేర్చుకోవడం కన్నా, కడగడం తప్పించుకోవడం నేర్చుకోవడం మేలు.

ఏడేళ్లు మా బావగారి తెల్ల కారు నేనే కడిగాను. ఇప్పుడు నన్నెవరూ కడగమనరు. ఆ స్థితికి ఎలా చేరుకున్నానో వరసగా చెబుతాను. ఒక్క మెట్టూ వదలకుండా చెయ్యండి.

ముందు ఒక లెక్క తెలుసుకోండి. కారు రంగు మీద రంగులేని పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు. అంటే మిమ్మల్ని కాపాడమంటున్న వస్తువు వెంట్రుకంత మందం కూడా లేదు. దాన్ని వారం వారం కంటికి రెప్పలా చూసుకోవాలంటే మీ ఆదివారాలన్నీ దానికే రాసివ్వాలి. కాబట్టి గీత పడకూడదన్న పట్టుదల ఇప్పుడే వదిలెయ్యండి. గీత పడనివ్వండి. దాని మూలంగా మీరు మాట పడకూడదు, అంతే.

1. మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టండి.

పొద్దున్నే నీడలో కడగాలని తెలిసినవాళ్లు చెబుతారు. పొద్దున్న పడుకోండి. పన్నెండింటికి లేచి, కారుని ఎండలోకి తోయించండి. మే నెలలో రాయ్‌పూర్ ఎండ ఒక్కోరోజు 44 డిగ్రీలు కూడా దాటుతుంది. బానెట్ మీద చెయ్యి ఆనదు. ఇందులో రెండు లాభాలున్నాయి. పోసిన నీళ్లు వాటంతట అవే ఆరిపోతాయి, తుడిచే పని లేదు. అరగంట కాగానే "చెయ్యి కాలిందక్కా" అని లోపలికి వచ్చెయ్యొచ్చు. బోరు నీళ్లలో ఉన్న సున్నపు లవణాలు ఎండకి ఆరి తెల్లటి చుక్కలుగా దిగిపోతాయి, నిజమే. తెల్ల కారు మీద తెల్ల చుక్క ఎవరికి కనబడుతుంది? నల్ల కారున్న వాళ్లు "ఇది బోరు తప్పు" అని చెప్పండి. బోరు ఎదురు మాట్లాడదు.

2. నీళ్లకి ముందు పొడిగుడ్డ.

ముందు పైపుతో నీళ్లు కొట్టి దుమ్ము వదిలించాలన్నది చాదస్తం. పైపు ఎక్కడో మేడ మీద చుట్టి ఉంటుంది, దాన్ని దించాలి, కుళాయికి బిగించాలి, తరవాత మళ్లీ చుట్టాలి. పొడిగుడ్డ చేతికందే దూరంలో ఉంటుంది. ఇసుకలో ఉండే స్ఫటికం గట్టిదనంలో పదికి ఏడు, మన గోరు రెండున్నర. గుడ్డ కింద ఆ రేణువులు కదులుతుంటే కర్ కర్ మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు మీకు చాలా ముఖ్యం. వంటింట్లోకి వినబడేలా రుద్దండి. లోపలున్న వాళ్లు మీరు ఒళ్లు వంచి పని చేస్తున్నారనుకుంటారు. నేను రుద్దిన మొదటి ఆదివారమే మా అక్క మజ్జిగ పంపింది.

3. గుడ్డ కోసం బజారుకి వెళ్లకండి.

పాత బనియను చాలు. అంచు కుట్టు ఉన్న వైపు బయటికి ఉండేలా మడవండి, మురికి బాగా పట్టుకుంటుంది. బనియను దొరక్కపోతే ఇల్లు తుడిచే పోఛా తీసుకోండి. గుడ్డ నేల మీద పడిందా? దులపకండి, జాడించకండి, తీసి పని సాగించండి. వంగి లేచేసరికే నడుం సగం అరిగింది, మళ్లీ కుళాయి దాకా నడక దేనికి? బావగారు పండరీ బజారు నుంచి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు తెచ్చి ఇచ్చారనుకోండి, థాంక్స్ చెప్పి తీసుకోండి. అవి కళ్లజోడుకి, ఫోనుకి చాలా బాగుంటాయి.

4. ఒకటే బొక్కెన, అదీ సగం.

రెండు బొక్కెనలు కావాలంటారు. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు, అడుగున ఇసుక కూరుకునే జాలీ. అదంతా ఖాళీ ఉన్నవాళ్ల పద్ధతి. మీరు ఒక బొక్కెనలో సగం నీళ్లు పట్టండి, చక్రాల దగ్గర మొదలుపెట్టండి. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కింద కూర్చోవడం తెలివి. బ్రేకులు అరిగి రాలిన ఇనప పొడి అంతా ఆ నీళ్లలోకి దిగుతుంది. అవే నీళ్లతో తలుపులు, అవే నీళ్లతో బానెట్, అద్దాలు, చివరికి కప్పు. ఇప్పుడా నీళ్లు చూడండి, కాకి నలుపు. పారబొయ్యకండి. బొక్కెన గుమ్మం దగ్గర పెట్టి అక్కని పిలవండి: "చూడక్కా, ఎంత మురికి వదిలిందో!" కారు వైపు ఎవరూ చూడరు, బొక్కెన వైపే చూస్తారు. నా ఏడేళ్ల అనుభవంలో ఇంతకు మించిన సాక్ష్యం ఇంకోటి లేదు.

5. అంట్ల సబ్బు.

కారు షాంపూ డబ్బాకి డబ్బులు ఇస్తే తీసుకోండి, జేబులో వేసుకోండి. అంట్లు తోమే సబ్బు వంటింట్లోనే ఉంది. కూర గిన్నె జిడ్డు వదిలించేది కారు మీద మైనాన్నీ వదిలిస్తుంది. మైనం పోయాక వాన చినుకు ముత్యంలా జారదు, చదునుగా పరుచుకుంటుంది, దుమ్ము ఇంకా తొందరగా అంటుకుంటుంది. దీనికి కంగారు పడకండి. "ఈ ఏడు సిల్తరా మసి మరీ ఎక్కువైంది" అనండి. మోవాలో ఈ మాట కాదనేవాడు లేడు. తెల్ల కారు మీద నారింజ రంగు చుక్కలు కనబడతాయి, గాల్లో వచ్చిన ఇనప రవ్వలు అక్కడ కూర్చుని తుప్పు పట్టడం వల్ల అవి వస్తాయి. వాటికి ప్రత్యేకంగా మందులున్నాయి. మీకు స్టీలు పీచు ఉంది.

6. గుండ్రంగా రుద్దండి.

నిలువుగా, ఒకే దిక్కుగా తుడవమంటారు. చెయ్యి సహజంగా గుండ్రంగా తిరుగుతుంది, దాన్ని బలవంతపెట్టకండి. గరిటెతో దోసె పిండి తిప్పినట్టు తిప్పండి. ఆర్నెల్లకి వీధి దీపం కింద కారు పెట్టి చూస్తే, దీపం చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనబడతాయి. అవి ఎటు నుంచి చూసినా దీపం చుట్టూ గుండ్రంగానే ఉంటాయి. అంత క్రమంగా ఉన్నదాన్ని ఎవరైనా పాడైపోయిందంటారా? మా బావగారు మొదటిసారి పెట్రోలు బంకులో ట్యూబులైటు కింద చూసి ఆగిపోయారు. "ఇదేమిట్రా?" అన్నారు. "మెటాలిక్ మెరుపు బావగారూ, కొత్త మోడళ్లకి అలాగే వస్తుంది" అన్నాను. నాలుగు నెలలు గడిచింది. మీరు ఇంకా గట్టిగా చెబితే ఇంకా ఎక్కువ గడుస్తుంది.

7. తడిమీదే చూపించండి.

ఇది బంగారం లాంటి చిట్కా. నీళ్లు గీతల్లోకి దిగి ఉన్నంతసేపు గీత కనబడదు. కాబట్టి కడిగింది కడిగినట్టే, ఆరకముందే ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మెచ్చుకోళ్లన్నీ వచ్చాకే కారు ఆరనివ్వండి. పెళ్లికో, స్టేషనుకో కారు తీస్తున్నారంటే బయల్దేరే ముందు కొబ్బరినూనె చుక్క గుడ్డ మీద వేసి తలుపులు తుడవండి. గీత నిండిపోతుంది, కారు నిగనిగలాడుతుంది. ఎండకి ఆ జిడ్డు మీద మోవా దుమ్మంతా పేరుకుంటుంది, అప్పటికి చుట్టాలు రైలెక్కేసి ఉంటారు. లోతు గీత అయితే పళ్లు తోముకునే పేస్టు రుద్దండి. అది కూడా సన్నగా అరగదీస్తుంది, కాబట్టి గీత మెరుపు తగ్గి చుట్టూ ఉన్న జాగా మెరుపు కూడా తగ్గి, రెండూ ఒకేలా అవుతాయి.

8. రెట్టలు ఆదివారం దాకా ఉంచండి.

వేప చెట్టు కింద నీడ చల్లగా ఉంటుంది, అక్కడే పెట్టండి. పిట్ట రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, ఎండకి మెత్తబడిన పొరని అది తినేస్తుంది. వెంటనే తడిపి తీస్తే మచ్చ పడదట. కానీ బుధవారం పడిన రెట్టకి బుధవారమే లేవడం మొదలుపెడితే, రేపు ప్రతి రెట్టకీ మిమ్మల్నే పిలుస్తారు. ఎండి గట్టిపడ్డాక గోటితో గీకండి. మచ్చ మిగిలితే పాపం పిట్టది.

9. పండగలని వాడుకోవడం తెలియాలి.

రాయ్‌పూర్‌లో ఉన్న తెలుగువాడికి దేవుడిచ్చిన వరం ఇది. ఇక్కడివాళ్లు సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి బండ్లు కడిగి దండలు వేస్తారు. మనం దసరాకి ఆయుధ పూజ చేస్తాం. రెండూ వారాల తేడాలో వస్తాయి. విశ్వకర్మ పూజ రోజున ఇంట్లో కడగమంటే "మనది దసరా కదా, అప్పుడు చేద్దాం" అనండి. దసరా నాడు అడిగితే "మొన్న విశ్వకర్మ పూజకి వీధిలో అందరితోపాటు మన బండికీ అయిపోయింది" అనండి. రెండూ తప్పుతాయి. తప్పక కడగాల్సి వచ్చినా నష్టం లేదు. బానెట్ మీద తడి పసుపు బాగా దట్టించి బొట్లు పెట్టండి, దీపావళి దాకా చెయ్యి వెయ్యకండి. "అమ్మవారి కుంకుమ కడిగేస్తారా ఎవరైనా?" అంటే మా అమ్మ నా పక్షానే నిలబడింది. పసుపు మరక ఇప్పటికీ ఉంది.

ఇంకో మాట కూడా దగ్గర పెట్టుకోండి. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. మా తాత ఆ దారినే వచ్చి రైల్వేలో చేరాడు. బొగ్గు వ్యాగన్లకి ఎవరూ షాంపూ పెట్టలేదు, అవి ఆగకుండా నడిచాయి. ఎవరైనా మరీ నిలదీస్తే ఈ ఉదాహరణ చెప్పండి. పెద్దాయన పేరు వచ్చాక ఎవరూ గొంతు పెంచరు.

10. సాకులకి ఒక నోటుబుక్కు పెట్టుకోండి.

ఏ సాకు ఏ రోజు చెప్పారో రాయండి. నెలలో ఒకే సాకు రెండుసార్లు వాడకూడదు. నిలువు గీత అయితే పిల్లి. తలుపు అంచున అయితే పండరీ బట్టల బజారు పార్కింగు. చక్రం పైన అయితే స్కూటరు వాడెవడో. పక్కింటి పిల్లల్ని మాత్రం అనకండి, వాళ్లమ్మ ఆ సాయంత్రమే మీ ఇంటికి వస్తుంది.

11. ఇక చేతులు దులుపుకోండి.

ఇవన్నీ శ్రద్ధగా చేస్తే ఫలితం దానంతటదే వస్తుంది. మా విషయంలో ఏడో ఏడు వచ్చింది. కప్పు మీద పొర చేప పొలుసుల్లా లేచింది. పెయింటు మేస్త్రీ చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో గీసి చూసి, మొత్తం రంగు వేయించాలన్నాడు. బావగారు ఆ ఖర్చు విని కారు అమ్మకానికి పెట్టారు. కొనేవాడు తలుపు మీద అరచెయ్యి రాసి, అడిగిన ధరలో సగానికి బేరమాడాడు. బావగారు ఇచ్చేశారు. ఆ రాత్రి అక్క నా చేతిలోంచి బొక్కెన తీసుకుని, ఇంకెప్పుడూ ఈ ఇంట్లో దేన్నీ కడగొద్దంది. చివరికి నా కంచం కూడా తనే కడుగుతోంది.

ఇప్పుడు ఆదివారం పదకొండింటి దాకా నన్ను లేపేవాళ్లు లేరు. సాయంత్రం అందరం తేలీబాంధా చెరువు గట్టుకి వెళ్లాలంటే మోవా చౌక్‌లో ఆటో కోసం నిలబడతాం. మే నెలలో ముప్పావుగంట పడుతుంది. బావగారు నాతో మాట్లాడరు కాబట్టి నీడ ఉన్న వైపు నాకే మిగులుతుంది. ఆటో వచ్చాక ఎక్కి కూర్చుంటాను. దాన్ని ఎవరు కడుగుతారో నేను ఇంతవరకూ అడగలేదు.