ఇరవయ్యొక్క అంకెల సమాసానికి టీకా తాత్పర్యం

మూలం: గిరికరనిధినేత్రశశివేదరసమునితర్కగ్రహగజశరనయనబాణరంధ్రవహ్నిశైలసాయకనగయుగచంద్రసంఖ్య.

టీక: గిరి = ఏడు, కులపర్వతాలు ఏడు గనుక; కర = రెండు; నిధి = తొమ్మిది; నేత్ర = రెండు (ముక్కంటిని ఇక్కడ తలచరాదు); శశి = ఒకటి; వేద = నాలుగు; రస = ఆరు. ఇవి నాలుకకు తెలిసే రసాలు. నవరసాలనుకుని తొమ్మిది వేసిన అలంకారశాస్త్రజ్ఞుడి లెక్క ఇక్కడే చెడుతుంది. తక్కినవీ ఇదే తీరు. అంకెలు ఎడమకు నడుస్తాయి గనుక తిరగేసి చదివితే 14,75,73,95,25,89,67,64,12,927.

తాత్పర్యం: అరవై ఏడు రెండ్లను గుణించి, వచ్చినదాంట్లో ఒకటి తీసేస్తే మిగిలేది. చదరంగం గళ్ళలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోసే లెక్క మన చాటుపద్యంలో అరవై నాలుగో గడి దగ్గర ఆగింది. బల్లకు మరో మూడు గళ్ళుంటే మొత్తం సరిగ్గా ఇంతే.

శంక: ఇది ఏకపదమా, సమాసమా? అనగా ప్రధాన సంఖ్యా, లేక కారణాంకాలుగా విడివడేదా?

దీనిమీద వ్యాఖ్యాతలు ముగ్గురు. మొదటివాడు ఫ్రాన్సు దేశపు సన్యాసి మెర్సెన్. 1644లో అచ్చయిన గ్రంథంలో దీన్ని ప్రధాన సంఖ్యల వరుసలో కూర్చోబెట్టాడు. యుక్తి అడిగితే లేదు. సన్యాసి మాట గనుక రెండు శతాబ్దాలు దాటినా చెల్లింది.

రెండోవాడు ఎడ్వర్డ్ లూకాస్, అదే దేశస్థుడు. 1876లో ఇది సమాసమే అన్నాడు. విగ్రహవాక్యం మాత్రం చెప్పలేదు. విడదీయకుండా సమాసమని ఎలా తెలిసిందంటారా? ఆ పద్ధతిని 1930లో లెహ్మర్ అనే గణితజ్ఞుడు చక్కదిద్దిన రూపంలో చెబుతాను. 4తో మొదలుపెట్టండి. దాన్ని వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని మన మూలంతో భాగించి శేషం ఒక్కటే ఉంచుకోండి. దానికీ ఇదే సంస్కారం. ఇలా 65 సార్లు చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. కారణాంకం మొహం చూడకుండానే తీర్పు అయిపోతుంది. నాకు మూడో వ్యాఖ్యాత కన్నా లూకాసే గొప్పవాడనిపిస్తాడు, కానీ చప్పట్లు ఆయనకు పడ్డాయి.

ఆ మూడోవాడు అమెరికా వాడు, ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో గణితజ్ఞుల సభ. కోల్ నల్లబల్ల దగ్గరకు వెళ్లి 2ను 67 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేశాడు. పక్కన ఖాళీ జాగాలో 19,37,07,721ని 7,61,83,82,57,287తో బడిపిల్లవాడిలా వరసలు దించుతూ గుణించాడు. రెండూ ఒకటే. నోరు విప్పకుండా వెళ్లి కూర్చున్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఇంతటి మౌనవ్యాఖ్య మల్లినాథుడికీ చేతకాలేదు. ఎన్నాళ్ళు పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలన్నాడట. ఈ కథ చెప్పిన గణితజ్ఞుడు బెల్ కొసరు వేసే కథకుడే. గుణకారం మాత్రం కొసరు లేకుండా సరిపోతుంది.

విశేషం: ఆదివారాలు ఎందుకన్ని? ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 134 గుణిజం కన్నా ఒకటి ఎక్కువగా ఉండి తీరాలి. పైగా 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఇంత వడకట్టినా, కోల్‌కు చిక్కిన చిన్న కారణాంకం 134ను 14,45,580తో హెచ్చవేసి ఒకటి కలిపితే గానీ రాదు. వరసగా ఒక్కొక్కదాన్నీ పట్టుకుపోయేవాడికి ఏడు లక్షల పైచిలుకు భాగహారాలు, అన్నీ ఇరవయ్యొక్క అంకెల మీద. విడదీయడానికి అంత, కలిపి చూసుకోవడానికి అరఠావు కాయితం, ఒక పెన్సిలు. ఈనాటి కంప్యూటరుకు రెండూ రెప్పపాటు పని, అయితే అంకెలు వందల్లోకి పెరిగినప్పుడు దాని ఆదివారాలూ మొదలవుతాయి. బ్యాంకుల రహస్యాలు కొన్ని ఆ ధైర్యం మీదే నడుస్తున్నాయి.

పాఠదోషాలు: మెర్సెన్ తన సంఖ్యలను ఎన్ని రెండ్లను గుణించాలో ఆ లెక్కతోనే పేర్కొన్నాడు; ఆ జాబితాలో 67తో పాటు 257 కూడా తప్పే. 61, 89, 107 ఉండాల్సినవి, జారిపోయాయి. 257కూ ఇలాగే టీక రాయమని శిష్యులు అడగవద్దు. దాని మూలమే 78 అంకెలు, నా దగ్గర అన్ని పర్వతాలు లేవు.