ముందు సాఫ్ట్‌వేరు, పాట సంగతి తర్వాత!

పెదవేగిలో ఆయిల్‌పామ్ మొక్క నాటితే మూడు నాలుగేళ్లకి గెలలు కోతకొస్తాయి. ఆ పంట సంగతులు చూడటానికి 1995 నుంచి ఇక్కడ ఏకంగా జాతీయ పరిశోధన సంస్థే ఉంది. "మ్యూజిక్ చెయ్యాలంటే ఏ సాఫ్ట్‌వేరు మంచిది?" అన్న ప్రశ్న నాటితే ఎన్నేళ్లకి పాట కాస్తుందో చెప్పే శాస్త్రవేత్త మాత్రం ఇంకా పుట్టలేదు.

పాట కట్టాలని బుద్ధి పుట్టిన కుర్రాడికి మొదట తగిలేది సంగీతం మాస్టారు కాదు, సలహాదారుడు. "నేర్చుకుంటే పెద్దదే నేర్చుకో తమ్ముడూ, ఇండస్ట్రీ స్టాండర్డ్ అదే" అంటాడు. ఆ పెద్దదానికి పెద్ద లాప్‌టాప్ కావాలి. లాప్‌టాప్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్, దానికో కండెన్సర్ మైకు, ఆ మైకు కోసం గోడలనిండా నల్ల స్పాంజి. ఇంతా అమిరాక "బాబాయ్, ఏదైనా మంచి ట్యూన్ ఉంటే చెప్పవా" అని వాడు ఊరంతా తిరుగుతుంటాడు. వాళ్ల నాన్న మొక్కజొన్న అమ్మిన డబ్బులు ఎటు పోయాయో లెక్క చూసుకుంటుంటాడు.

కొవ్వూరులో పుట్టిన కీరవాణికి 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు గోదావరి జిల్లాలన్నీ మురిసిపోయాయి. సలహాదారుడు ఒక్కడే "ఆయన ఏ వెర్షన్ వాడతారంటావ్?" అని ఆరా తీశాడు.

ఘంటసాల కాలంలో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకేచోట చేరి, పాటంతా ఒక్క ఊపులో కానిచ్చేవారు. ఎక్కడ తప్పొచ్చినా మళ్లీ మొదటికే. బీటిల్స్ 1967లో తమ 'సార్జంట్ పెప్పర్' ఆల్బమ్‌ని నాలుగు ట్రాకుల టేపు యంత్రాల మీద చేశారు. ఇవాళ ఊరికే ఇచ్చే ప్రో టూల్స్ ఇంట్రోలో 8 ఆడియో ట్రాకులుంటాయి. మనవాడికి అవి ఆనవు, రెండొందలు కావాలి. అందులో నూట తొంభై తొమ్మిది ఖాళీ. మిగిలినదాంట్లో "హలో, చెక్, వన్ టూ త్రీ".

అంత డబ్బు లేదంటే రెండో సలహా సిద్ధం: క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ. పెళ్లి ఊరేగింపు డీజే బండి దగ్గర ఎవర్ని కదిపినా ఎఫ్ఎల్ స్టూడియో పేరే చెబుతారు. 1997లో ఫ్రూటీలూప్స్ పేరుతో బెల్జియంలో పుట్టింది. మంచి సరుకే, కాదనను. ఒక్కసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ జీవితాంతం ఉచితం. మనవాళ్లు ఆ ఒక్కసారి కూడా కొనరు. "ముందుగా యాంటీవైరస్ ఆపెయ్యండి" అన్న వాక్యంతో క్రతువు మొదలవుతుంది. వారం తిరక్కుండా కంప్యూటర్లో అక్క పెళ్లి ఫొటోలు తెరుచుకోవు. నిజానికి ఎఫ్ఎల్ స్టూడియో ఉచిత ట్రయల్లోనే పాట చేసి ఎంపీ3గా తీసుకోవచ్చు. సేవ్ చేసినదాన్ని మళ్లీ తెరవాలంటేనే కొనాలి. అంటే కూర్చున్న చోటే పాట పూర్తిచెయ్యాలి. మనవాడికి మింగుడుపడని షరతు అదొక్కటే!

చవకగా, తేలిగ్గా అయ్యే దారులు చెబితే సలహాదారుడి పరువు పోతుంది. నాకా ఇబ్బంది లేదు కాబట్టి చెప్పేస్తున్నా. చేతిలో ఫోనుంటే బ్యాండ్‌ల్యాబ్ చాలు, ఉచితం. ఐఫోనైతే గ్యారేజ్‌బ్యాండ్, అదీ ఉచితమే. కంప్యూటరుంటే వేవ్‌ఫామ్ ఫ్రీ. ఇన్ని ట్రాకులే అన్న లెక్క లేదు. గొంతు రికార్డు చేసి కత్తిరించుకోవడానికి 2000 నుంచీ ఆడాసిటీ ఉండనే ఉంది. రీపర్ 60 రోజులు వాడి చూడొచ్చు, నచ్చితే వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఎల్ఎంఎంఎస్‌లో బీట్లు బాగా కట్టుకోవచ్చు గానీ గొంతు రికార్డు చెయ్యడానికి అది పనికిరాదు.

ఇంకో ముక్క. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడితే తాళం చెవికి ఆలస్యంగా చేరుతుంది. గొంతు దాని వెనకాల పడుతుంది. రికార్డు విన్న కుర్రాడు తనకి లయజ్ఞానమే లేదని కుంగిపోతాడు. సలహాదారుడు నాడి పట్టి "ప్రాసెసర్ చాలట్లేదు, మార్చేసెయ్" అంటాడు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ తగిలిస్తే పోయే జబ్బది. మే నెల ఎండల్లో పాడేటప్పుడు చెమటలు కారినా సరే, హోరు రికార్డులో పడకుండా ఫ్యాను ఆపుకోవాలి. దానికి ప్రో వెర్షన్ అక్కర్లేదు, స్విచ్చి నొక్కితే చాలు.

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో 'మ్యూజిక్ ప్రొడక్షన్' అన్న బోర్డు చూసి ఫీజు కట్టబోతున్న తల్లిదండ్రులకి ఒక్క మనవి. కరపత్రంలో వేసిన సాఫ్ట్‌వేర్ల పేర్లు చూసి బెదిరిపోకండి. నిరుడు అక్కడ చేరిన పిల్లలు పూర్తిచేసిన పాట ఒక్కటి వినిపించమనండి. వినిపిస్తే నిక్షేపంగా కట్టండి. "సిస్టమ్ ఫార్మాట్ కొట్టాం సార్, అన్నీ పోయాయి" అన్నారా, ఆ డబ్బుతో పిల్లాడికో హార్మోనియం కొనిపెట్టండి.