నన్ను ఏ నెలలో ఎక్కాలంటే

నేను రాబిన్సన్ ఆర్44 హెలికాప్టర్‌ని. పుట్టింది అమెరికాలో, బతుకంతా ఆస్ట్రేలియా వాయవ్య మూలనున్న కింబర్లీలో. నాలుగు సీట్లు, అందులో ఒకటి పైలట్‌ది. ఏటా వేసవి వానలు వెనకపట్టాక బంగిల్ బంగిల్ కొండల దగ్గరున్న చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి చేరుకుంటాను.

ఈ కొండల్ని గిజా ప్రజలు వేల ఏళ్లుగా ఎరుగుదురు. బయటి ప్రపంచానికి తెలిసింది మాత్రం 1983లో ఓ చిత్ర బృందం ఆకాశం నుంచి తీసిన దృశ్యాలతోనే. కొండల ఒంటినిండా నారింజ, నలుపు చారలు. బంకమన్ను ఎక్కువున్న పొరలో తడి నిలుస్తుంది, ఆ తడిలో సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు పెరిగి పొర నల్లబడుతుంది. తడి నిలవని పొరలో ఇనుము తుప్పుపట్టి ఎర్రబడుతుంది. కింద నిలబడితే నాలుగు కొండలు కనిపిస్తాయి. వందల కొండలు ఒక్కచూపులో కావాలంటే నన్ను ఎక్కాల్సిందే.

ఒక అక్టోబరు మధ్యాహ్నం పెర్త్ నుంచి ఓ తెలుగు కుటుంబం వచ్చింది. తాత, కూతురు, పదేళ్ల మనవడు. ఎండ 40 డిగ్రీలు దాటింది. పైలట్ ముగ్గురినీ తూకం వేసి, కాగితం మీద లెక్క చూసుకుని తల అడ్డంగా ఊపాడు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. నా రెక్కలు నిమిషానికి సుమారు 400 చుట్లు తిరిగినా, వాటికి పట్టు దొరకాలంటే గాలి చిక్కగా ఉండాలి. ఇంజిన్‌కీ ఆ పలచని గాలిలో ఊపిరి ఆడదు. పెద్దాయన ముఖం చిన్నబోయింది. "పోనీలే తాతయ్యా, రేపు పొద్దున్నే ఎక్కుదాం" అన్నాడు మనవడు.

మర్నాడు తెల్లవారకముందే పైలట్ నా ట్యాంకు అడుగునుంచి ఓ చిన్న గ్లాసులోకి నీలిరంగు పెట్రోలు పట్టి వెలుగుకెత్తి చూశాడు. నీళ్లు కలిసుంటే అడుగున ముత్యంలా నిలుస్తాయి. లేవు. ముగ్గురినీ ఎక్కించుకుని లేచాను. కొండల మీదికి రాగానే, "కుమ్మరి ఇంటి ముందు ఆరబెట్టిన కుండల్లా ఉన్నాయిరా" అన్నాడు తాత. కానీ దూరాన కార్చిచ్చు పొగ కమ్మేసి ఉంది. వాళ్లు పూర్తిగా చూడలేకపోయారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

డిసెంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. ఈ కొండలున్న పార్కును మూసేస్తారు, నన్ను షెడ్డులో పెట్టి మెకానిక్ బోల్టు బోల్టూ విప్పి చూస్తాడు. ఆస్ట్రేలియాలోని తెలుగువాళ్ల పిల్లలకు పెద్ద సెలవులు సరిగ్గా అప్పుడే. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ చాలామందికి అప్పుడే. ఆ నెలల్లో ఈ కొండల మీద ఆశ పెట్టుకోకండి.

జూన్, జులైలలో ఆకాశం అద్దంలా ఉంటుంది, చల్లగాలిలో నేను హాయిగా లేస్తాను. తలుపులు తీసి ఎగిరితే పొద్దున చలి ఎముకలు కొరుకుతుంది, స్వెటర్ ఉండాలి. అయితే అప్పటికి వాగులు ఎండిపోతాయి, జనమూ ఎక్కువ.

నన్నడిగితే మే నెల. వాన దుమ్మునంతా కడిగేసి ఉంటుంది, స్పినిఫెక్స్ గడ్డి పచ్చగా ఉంటుంది, లోయల మడుగుల్లో ఇంకా నీళ్లు మెరుస్తుంటాయి. ఏప్రిల్‌లో తొందరపడితే వానలు వెనక్కి తగ్గక దారి తెరవడం ఆలస్యం కావచ్చు. హైవే నుంచి పార్కుకు 53 కిలోమీటర్ల మట్టిదారి, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి తప్ప లొంగదు.

బడి పిల్లలుంటే జులై సెలవుల్లో రండి, లేకుంటే మేలో. ఎప్పుడొచ్చినా పొద్దుటి మొదటి ట్రిప్పే అడగండి. పెద్దవాళ్లను వెంట తెచ్చేవాళ్లు మరీ ముఖ్యంగా.