ఒలింపియాలో ఓడిపోవడం ఎలా?

బెల్వ్యూలో ఇల్లు కొన్నవాళ్ళు మొదటి ఏడాది కప్పు గురించీ, రెండో ఏడాది లాన్ గురించీ బెంగపెట్టుకుంటారు. మూడో ఏడాది నుంచి బెంగంతా పక్కింటి స్థలం మీదే. అక్కడ ఉన్న ఒక్క ఇల్లూ పడగొట్టి నాలుగిళ్ళు కడతారట, ఏదో చట్టం వచ్చిందట. అలాంటి చట్టాలను ఎలా ఎదుర్కోవాలో చెప్పమని కొత్తగా ఇల్లు కొన్న మన కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. నా వల్ల ఒక్క బిల్లూ ఆగలేదు. అనుభవం అంటే అదే కదా. చెబుతాను, రాసుకోండి.

బిల్లు నంబరు జోలికి మాత్రం పోవద్దు. ఇక్కడ హౌస్ బిల్లుల నంబర్లు 1000 నుంచీ, సెనేట్‌వి 5000 నుంచీ మొదలవుతాయి. ఆ నాలుగంకెలూ తెలిస్తే ఏ కమిటీలో ఉందో, హియరింగ్ ఎప్పుడో, ఎవరేం సవరించారో అన్నీ తెలిసిపోతాయి. ఇక కంగారు ఏం మిగులుతుంది? అందుకని వాట్సాప్ గ్రూపులో ‘మన ఇళ్ళు లాగేసుకుంటున్నారు, పది మందికి పంపండి’ అని వచ్చేదాకా ఆగండి. అందులో నంబరు ఉండదు, తేదీ ఉండదు, ఏ రాష్ట్రమో కూడా ఉండదు. కోపం తెచ్చుకోవడానికి అవన్నీ దేనికి?

చట్టసభ సమావేశాల వేళ కూడా మనకు బాగా కలిసొస్తుంది. ఏటా జనవరి రెండో సోమవారం మొదలవుతాయి. బేసి సంవత్సరమైతే 105 రోజులు, సరి సంవత్సరమైతే 60. మనం సరిగ్గా అప్పుడే సంక్రాంతికి ఊరెళతాం. తిరిగొచ్చి, జెట్‌లాగ్ తీరి, తెచ్చిన అరిసెలు నలుగురికీ పంచేసరికి సగం బిల్లులు కమిటీల్లోనే కొండెక్కి ఉంటాయి. మిగతా సగం మన చేతికి అందనంత దూరం వెళ్ళిపోయి ఉంటాయి.

కొండెక్కిన బిల్లు మళ్ళీ రాదని నమ్మండి. 2022లో 1782 నంబరు బిల్లు ఇలాగే పోయింది. ఒక్కో స్థలంలో ఒక్కిల్లే ఉండాలన్న జోనింగ్‌ను సడలించే బిల్లది. మా పెరట్లో గ్రిల్లు వెలిగించి పండగ చేసుకున్నాం. మరుసటి ఏడాది ఆ బిల్లు తెచ్చిన ప్రతినిధి జెస్సికా బేట్‌మన్‌గారు 1110 నంబరుతో ఇంకోటి తెచ్చారు. నేను అరిసెలు పంచుతున్నాను. 2023 మే నెలలో అప్పటి గవర్నరు జే ఇన్స్‌లీ సంతకం పెట్టేశారు. జనాభా 75 వేలూ ఆపైన ఉన్న ఊళ్ళలో ఒక్కో ఇళ్ళ స్థలంలో కనీసం నాలుగిళ్ళకు అనుమతించాలి. పెద్ద ట్రాన్సిట్ స్టాపుకు పావు మైలులోపైతే ఆరిళ్ళకు.

ఇక సాక్ష్యం చెప్పడం. ఈ రాష్ట్రంలో ఇదొక వింత. బిల్లు మీద మీ అభిప్రాయం ఏమిటని పిలిచి అడుగుతారు. మంత్రిగారి బావమరిది తెలిసి ఉండనక్కర్లేదు. పౌరసత్వం అడగరు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళయినా మాట్లాడొచ్చు. అరవై మైళ్ళు కారేసుకుని రాష్ట్ర రాజధాని ఒలింపియా వెళ్ళక్కర్లేదు, ఇంట్లో కూర్చుని జూమ్‌లో చెప్పొచ్చు. ఇంత సులువుగా ఉన్న పని పరువైనది కాదని అర్థం. అయినా తప్పదనుకుంటే, పేరు నమోదుకు గడువు హియరింగ్‌కు గంట ముందు ముగుస్తుంది కాబట్టి అరగంట ముందు లాగిన్ అవండి. ‘తలుపు మూశారు, ఇదంతా ముందే ఆడిన నాటకం’ అని గ్రూపులో పెట్టడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

మాట్లాడకపోయినా ‘అనుకూలం’, ‘వ్యతిరేకం’ అని టిక్కు పెట్టి వదిలేసే వీలుంది. రాతపూర్వకంగానైతే హియరింగ్ మొదలైన తర్వాత 24 గంటల దాకా పంపొచ్చు. రెంటినీ చులకన చేయండి. రెండు నిమిషాల్లో అయిపోయే పనికి విలువేముంటుంది?

ఖర్మ కాలి మీ వంతు వచ్చిందనుకోండి. ఇచ్చేది ఒక నిమిషం, మహా అయితే రెండు. అందులో మొదటి నలభై సెకన్లు ‘సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు’ అన్న ధోరణిలో వందనాలకు కేటాయించండి. తర్వాత మీరు ఏ ఏడాది, ఏ కాలేజీలో ఎంఎస్ చేశారో చెప్పండి. బిల్లులో ఏ సెక్షన్ మీకు అభ్యంతరమో చెప్పబోయేసరికి టైము అయిపోవాలి. మా మిత్రుడొకడు నిమిషమంతా మ్యూట్‌లో మాట్లాడాడు. పెదాల కదలికను బట్టి బాగా చెప్పాడనిపించింది.

బిల్లు చదివే అలవాటుంటే మొదటి రోజు ప్రతినే ప్రింట్ తీసి లామినేషన్ చేయించండి. చట్టసభవాళ్ళు మధ్యలో మొదటి వాక్యం తప్ప తక్కినదంతా కొట్టేసి కొత్త పాఠం పెట్టేస్తుంటారు. మీరు మాత్రం కొట్టేసిన పాఠం మీదే పోరాడండి. సవరించేవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు.

అసలు ముందుగా అడగడమనేదే మన ఒంటికి సరిపడదు. హైదరాబాద్‌లో మనం పద్ధతిగా ఉంటాం. ముందు కడతాం, తర్వాత జీవో వస్తుంది. 2015లో బీఆర్ఎస్ వచ్చింది. పార్టీ కాదు, పార్టీకి ఆ పేరు ఏడేళ్ళ తర్వాత వచ్చింది. ఇది బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. 2020లో లేఅవుట్లకు ఎల్ఆర్ఎస్ అంటే వెయ్యేసి రూపాయలు కట్టి పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టారు. కూకట్‌పల్లిలో నాకూ ఒక బిల్డింగుంది. ప్లానులో నాలుగంతస్తులు, ఆ పైన మా బావమరిది వేసిన పెంట్‌హౌస్. కింద ఎనిమిది వాటాలు. వాటి కార్లు వీధిలోనే ఉంటాయి, ఎవరూ ఏమీ అనరు. అది వేరు. బెల్వ్యూలో ఒక స్థలంలో నాలుగిళ్ళంటే మాత్రం వీధి స్వరూపం ఏమైపోవాలి, పార్కింగ్ ఏమైపోవాలి? ఈ తేడా సాక్ష్యంలో ఎవరూ అడగరు కాబట్టి ధైర్యంగా ఉండండి.

చట్టం అయిపోయాకే మీరు సిటీ హాలుకు వెళ్ళాలి. రాష్ట్రం సంతకం పెట్టిన చట్టాన్ని రద్దు చేయమని ఊరి కౌన్సిల్‌ను నిలదీయండి. వాళ్ళకు ఆ అధికారం లేదని వాళ్ళు చెప్పేలోపు మీ టైము ఎలాగూ అయిపోతుంది. వాళ్ళ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. గోడకీ హద్దుకీ ఎంత జాగా వదలాలి, ఎత్తెంత, ఏ చెట్టు కొట్టకూడదు, ముందుభాగం ఎలా కనిపించాలి. ఇవన్నీ ప్లానింగ్ కమిషన్ దగ్గర, ఆరుగురు కూడా రాని సాయంత్రాల్లో, నెలల తరబడి తేలుతుంటాయి. అటు వైపు వెళ్ళొద్దు, మహా విసుగు. సొంత నిబంధనలు రాసుకోవడానికి మన వైపు ఊళ్ళకు 2025 జూన్ 30 గడువిచ్చారు. రాసుకోని ఊరికి రాష్ట్రం రాసిన నమూనాయే వర్తిస్తుంది. ఆ జూన్‌లో మేం ఎల్లోస్టోన్‌లో ఉన్నాం.

ఇన్ని చెప్పానుగానీ మీ ఇంటి కాగితాలు మాత్రం తెరవకండి. నేను తెరిచి చెడ్డాను. మా అత్తగారూ మామగారూ వచ్చి మా దగ్గరే ఉంటామన్నారు. వెనక పెరట్లో చిన్న ఇల్లు వేద్దామనుకున్నాం. 2023లోనే 1337 నంబరు బిల్లు చట్టమై ఒక్కో స్థలంలో అలాంటివి రెండు వేసుకోనిచ్చింది. దాన్నీ నేను గ్రూపులో వ్యతిరేకించాను, సరే. సిటీవాళ్ళు నవ్వుతూ వేసుకోమన్నారు. మా కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘమైన హెచ్‌ఓఏ కుదరదంది. కొన్న రోజున నేను చదవకుండా సంతకం పెట్టిన నిబంధనల్లో ‘స్థలానికి ఒక్కటే ఇల్లు’ అని ఉందట. ఈ చట్టాలు కొత్తగా పుట్టే కాలనీలనే అలా రాసుకోవద్దన్నాయి, పాతవాటిని కదపలేదు. అంటే ఇన్నాళ్ళూ నేను భయపడిన నాలుగిళ్ళ బిల్లు కూడా మా వీధి మొగం చూడనే లేదు.

ఇంతకీ, పాత కాలనీల నిబంధనల్ని కూడా కొట్టేసే బిల్లేదైనా ఉంటే నంబరు గ్రూపులో పెట్టండి. ఈసారి సంక్రాంతికి వెళ్ళడం లేదు, వచ్చే ఏడాదికి వాయిదా వేశాను. మా మామగారు ఇప్పటికే నిమిషంలో ఏం చెప్పాలో రాసుకుంటున్నారు. మూడో పేజీలో ఉన్నారు.