5000 వాట్ల అడాప్టరు

స్పీకర్ల పెట్టె మీద ‘5000 వాట్లు’ అని గుమ్మడికాయంత అక్షరాలు. పక్కనే, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడని ‘పీఎంపీవో’, అంటే రెప్పపాటు గరిష్ఠ పవరు. ఇంటికి తెచ్చి అడాప్టరు తిప్పి చూస్తే 12 వోల్టులు, 2 ఆంపియర్లు. అంటే 24 వాట్లు! మిగతా 4976 వాట్లూ పెట్టె మీది సిరాలోంచి వస్తాయి కాబోలు. అసలు గోడకున్న 6 ఆంపియర్ల ప్లగ్గే ఎంత పిండినా 1400 వాట్లు దాటదు కదా!

కొట్టువాణ్ని నిలకడగా వచ్చే పవరు గురించి ‘ఆర్‌ఎంఎస్ ఎంత?’ అని అడిగి చూడండి. ‘బేస్ వినండి సార్’ అంటూ బిరడా చివరికంటా తిప్పేస్తాడు. రాక్ పాటకు ఊపిరి బేస్ గిటారు. దాని లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మూడంగుళాల స్పీకరుకు అంత లోతు ఎక్కడిది? అది పైపైన డబడబలాడిస్తుంది, అంతే. గిటారేదో డ్రమ్మేదో తెలీదు, ఏ పాట పెట్టినా నిమజ్జనం ఊరేగింపే.

ఇంకాస్త డబ్బు కలిపితే ఆరున్నర అంగుళాల వూఫరున్న పాత జత, సెకండ్‌హ్యాండ్ యాంప్లిఫయరు దొరకొచ్చు. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువున్నది ఏరుకుంటే సగం పవరుకే అంత మోతా మోగుతుంది. అయితే వాటికి రంగురంగుల లైట్లుండవు. మరి రాక్ ఎలా వినడం?