అమ్మ పైసలు

మా అమ్మ ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోవడానికి కారణం నేనే. బ్యాంకు కాదు, రైల్వే కాదు. కాగితం ఇవ్వడం మరిచిపోయానని, అదొక్కటే నా తప్పని చాలా రోజులు అనుకున్నాను. అంతకంటే పెద్ద తెలివితక్కువ పని ఆ తర్వాత చేశాను.

నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. మీటర్ గేజి కాలం నుంచి గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి, మేడ్చల్ పట్టాల మీదే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఆయన పోయాక అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలైంది. చివరి మూలవేతనంలో 30 శాతం ఇస్తారు. 2016 జనవరి నుంచి ఎవరికైనా 9,000 రూపాయలకు తగ్గదు, కరువు భత్యం అదనం. ఆ డబ్బుతోనే అమ్మ చిట్టీ కట్టేది, చెల్లె పిల్లలకు పండుగ బట్టలు కొనేది, శామీర్‌పేట కట్టమైసమ్మకు బోనం చేసేది, పక్కింటామెకు చేబదులిచ్చేది. నన్ను ఏనాడూ రూపాయి అడగలేదు.

నేనుండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఒక ఏడాది సెప్టెంబరు చివర్లో అమ్మను తీసుకెళ్లాను. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. దసరా, దీపావళి, సంక్రాంతి అన్నీ మా ఇంట్లోనే అని సంబరపడ్డాను. నవంబరు కూడా అక్కడే గడుస్తుందని ఆలోచించలేదు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు బతికి ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల అది. 80 దాటినవాళ్లయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు, అమ్మకింకా అంత వయసు లేదు. ఇవ్వకపోతే డిసెంబరు నుంచి ఆపేస్తారు. అమ్మకిది బాగా తెలుసు. బయల్దేరకముందే అడిగింది: "నవంబర్ల బ్యాంకుకు పోవాలె గద బిడ్డా, ఎట్ల మరి?"

"అంతా ఆన్‌లైనే అమ్మా" అన్నాను. ఆమె ఫోను బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాం. బ్యాంకు మెసేజీలు పంపినా చూసే దిక్కు లేదు.

ఆన్‌లైన్ అన్నది అబద్ధం కాదు. ఆ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే 'జీవన్ ప్రమాణ్' 2014 నవంబరులోనే వచ్చింది. మొదట్లో దానికి వేలిముద్రో కంటిపాపో కావలసి వచ్చేది. పని చేసి చేసి వేళ్ల గీతలు అరిగిన అమ్మలాంటివాళ్లను ఆ యంత్రం గుర్తుపట్టదు. 2021 నవంబరు నుంచి ఫోన్ కెమెరాకు ముఖం చూపిస్తే చాలు, ఆధార్‌తో సరిపోల్చుకుంటుంది. అదీ కుదరకపోతే భారత కాన్సులేట్ అధికారి ముందు సంతకం చేసి కాగితమే పంపవచ్చు. టెక్సాస్‌వాళ్లకు అది హ్యూస్టన్‌లో ఉంది. ఇదంతా తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. నా వీసా గడువులు, నా పన్నుల తేదీలు ఏనాడూ మరిచిపోనివాణ్ని, అమ్మ కోసం ఆ సాయంత్రం కూర్చోలేదు.

జనవరిలో చెల్లె పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించి ఫోన్ చేసింది, డిసెంబరు పెన్షన్ పడలేదని. అప్పుడన్నాను: "ఆగితే ఆగనీ అమ్మా. గా పైసలెంత? నీ ఖాతాల నేనేస్త."

అమ్మ ఏమీ అనలేదు. పెన్షన్ కంటే ఎక్కువే వేస్తూ వచ్చాను.

మాఘంలో శామీర్‌పేటలో మేనమామ మనవరాలి పెండ్లి కుదిరింది. నేను ఆఫీసు కాల్‌లో ఉంటే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. కాల్ అయిపోయేదాకా అట్లాగే నిలబడి, "కొడకా, పెండ్లిల కట్నం సదివియ్యాలె. ఐదువేలు తియ్యమని చెల్లెకు చెప్పాల్నా?" అని అడిగింది.

"నీ ఖాతానే గదనే అమ్మా, నన్నడుగుడేంది?"

"ఖాతా నాదే. పైసలు నీయి గద."

ఆ రోజు ఇక పని చేయలేకపోయాను. ఎండలో, వానలో పట్టాల వెంట నడిచిన నాయిన కష్టం, ఆయన పోయాక కూడా నెలనెలా ఆమె చేతికి వస్తూ ఉండేది. దానికి ఆమె ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. దాన్ని ఆగనిచ్చి, ఆ చోట నా డబ్బు వేసి, మొత్తం పెరిగింది గనక అమ్మకు మేలే చేశాననుకున్నాను. సొంత పైసలతో తలెత్తుకుని బతికిన మనిషిని, నా తీరిక కోసం గుమ్మంలో నిలబెట్టాను.

మార్చిలో నేనే వెంట వచ్చి మేడ్చల్ బ్యాంకులో సర్టిఫికెట్ ఇప్పించాను. ఆగిన నెలల డబ్బు ఎక్కడికీ పోదు, బకాయిగా వస్తుంది. వచ్చింది. అమ్మ విత్‌డ్రాయల్ ఫారం రాయించుకుని, నేను వేసిందంతా తీసి నా చేతిలో పెట్టింది. వద్దనబోయాను. ఆమె ముఖం చూసి, తీసుకున్నాను.

ఈ దసరాకు మళ్లీ వస్తానంటోంది. ఈసారి ఆమె ఫోను ఆమెతోనే ఉంటుంది. నవంబరు మొదటి వారంలోనే పగటి వెలుతురులో కెమెరా ముందు కూర్చోబెడతాను. సర్టిఫికెట్‌కు ప్రమాణ్ ఐడీ రాగానే పని అయిపోయినట్టు కాదు, వివరాలు సరిపోకపోతే బ్యాంకు తిప్పికొట్టవచ్చు. తీసుకున్నారో లేదో చెల్లె బ్యాంకుకు వెళ్లి అడిగి చెప్తానంది. తీసుకోలేదంటే హ్యూస్టన్‌కు కారులో నాలుగు గంటల దారి, సెలవు పెట్టి తీసుకెళ్తాను.