మా స్టేషన్ మా ఊళ్లో లేదు

మా రోజుల్లో, ఇప్పటి సుక్మా జిల్లాలోని మా భేజ్జి మనిషి రైలెక్కాలంటే ముందు ఇంజరం దాకా నడవాలి. అక్కణ్ణించి కుంట చేరాలి. కుంటలో బస్సు దొరికితే చట్టి, చింతూరు మీదుగా భద్రాచలం. మా పెద్దవాళ్లయితే శబరిలో పడవెక్కి కూనవరం దిగి, అక్కడ గోదారి లాంచీ పట్టుకునేవారు. భద్రాచలంలో ఏరు దాటడం ఇంకో ప్రయాణం. 1965లో రాధాకృష్ణన్ గారు వచ్చి వంతెన ప్రారంభించాక గానీ ఆ బాధ తీరలేదు.

ఇంతా చేసి స్టేషన్‌కి వెళ్తే బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని ఉండేది, ఊరేమో కొత్తగూడెం! రాముడు నలభై కిలోమీటర్లు వెనకే ఉండిపోయాడు. శ్రీరామనవమికి దూరాల నుంచి వచ్చినవాళ్లు స్టేషన్ బయట నిలబడి గోపురం ఎటువైపని అడగడం నేను విన్నాను. ఇప్పటికీ అడుగుతున్నారు.

అక్కడ ఎందుకు కట్టారంటే, రాముడి కోసమేం కాదు. ఎల్లెందులో 1889 నుంచే సింగరేణి బొగ్గు తీస్తున్నారు. ఆ బొగ్గు వెంటే నైజాం రైలు వాళ్లు కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా 1927లో లైను లాగారు. భద్రాచలం అప్పట్లో గోదారి అవతల, ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధానిలో ఉండేది. నైజాం తన పట్టాలను ఏరు దాటించి పరాయి రాజ్యంలో ఎందుకు దించుతాడు? భక్తులకు బోర్డు మీద పేరొక్కటీ మిగిలింది.

అయినా ఆ పాత స్టేషన్ నాకు నచ్చేది. బొగ్గుపొడి పట్టిన గోడలు, కిటికీలో చేయి పెడితే అట్ట టికెట్టు, దాని మీద తేదీ గుద్దే చప్పుడు. దుప్పటి పరుచుకుని రాత్రంతా పడుకున్నా లెమ్మనేవాడు లేడు. ఇప్పుడు అమృత్ భారత్ స్టేషన్ల పథకం అంటూ 2023 ఆగస్టులో శంకుస్థాపన చేశారు. హంగులు చేసుకోండి, నాకేం! నా బాధల్లా టికెట్టు ధర గురించి. కరోనా తర్వాత ప్యాసింజర్ బండిలో పది రూపాయల కనీస టికెట్టును ముప్పై చేశారు. బండి అదే, బల్లలు అవే, నడక కూడా అదే. 2024 ఫిబ్రవరిలో గానీ మళ్లీ తగ్గించలేదు. గోడకు సున్నం కొట్టినప్పుడు పేపర్లో ఫోటో వేస్తారు, ఇలాంటివి ఏ మూలో నాలుగు ముక్కలు.

మాకు ఉత్తరాన బైలదిల్లా కొండల్లో ఇనుముంది. 1960ల్లో కొత్తవలస నుంచి కిరందుల్ దాకా కొండలు తొలిచి మరీ లైను వేశారు, జపానుకు ఇనపరాయి పంపాలని. కాస్త సందు దొరికితే విశాఖ ప్యాసింజరొకటి నడుపుతారు. నక్సలైట్ల బంద్ వచ్చిందంటే అదీ దంతెవాడలోనే ఆగిపోతుంది. ఇటు బొగ్గు, అటు ఇనుము, మధ్యలో మేం. మా దగ్గరేముంది? తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు. వీటి కోసం పట్టాలు ఎవడు వేస్తాడు? రోడ్డే ఎంత కష్టం మీద వచ్చిందో చూశాం. 2017 మార్చిలో రోడ్డు పని కాపలాకు వెళ్లిన సీఆర్పీఎఫ్ జవాన్లు పన్నెండు మంది మా భేజ్జి దగ్గరే చనిపోయారు.

ఇప్పుడు కొత్తగూడెం నుంచి కిరందుల్‌కు 160 కిలోమీటర్ల లైనట. సుక్మా, దంతెవాడ జిల్లాల మీదుగా, లేజరుతో కొలిచే సర్వే చేశారు. అటు మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి ఇంకోటి. దానికి 2024 ఆగస్టులో ఢిల్లీలో కేబినెట్ ఒప్పుకుంది. అంటే భద్రాచలానికి సొంత స్టేషన్ వస్తుందన్నమాట. అప్పుడు కొత్తగూడెంలో ఆ బోర్డు ఏం చేస్తారో!

మా కుర్రాళ్లు రైలొస్తోందని సంబరపడుతున్నారు. వస్తే నేనూ కాదనను. కాకపోతే అన్ని చోట్లా ఆగే ప్యాసింజరు ఉంటుందా, అందులో చింతపండు బస్తా ఎక్కించనిస్తారా, ఆ సంగతి ముందు తేల్చమనండి. గూడ్సుబండి పోతుంటే గేటు దగ్గర నిలబడి చూడ్డానికే అయితే, ఆ విద్య కిరందుల్ వైపు మావాళ్లు యాభై ఏళ్ల కిందటే నేర్చుకున్నారు.